ఉమ్మడి డబ్బాలో వేయని సున్నుండలు

పదేళ్ళ వయసు నాకు... కెనడాలోని కనాటా ఊళ్ళో మా పక్కింటి ఆరన్ నన్ను వాళ్ళ సమ్మర్ క్యాంపుకు తీసుకెళ్ళాడు. యూదులకు సొంత దేశం కావాలంటూ నూరేళ్ళ కిందట యూరప్ కుర్రకారు మొదలుపెట్టిన జియోనిస్టు యువజన ఉద్యమం వాళ్ళది. నాకు మాత్రం సరస్సు, పడవలు, అమ్మ చూడని వారం రోజులు... అదే మహోద్యమం!

క్యాంపులో మొదటి నియమం: ఇంటినుంచి తెచ్చిన చిరుతిండి అంతా ఉమ్మడి డబ్బాలో వేయాలి, అందరికీ సమానంగా పంచాలి. ఉద్యమం తొలితరం వాళ్ళు ఉమ్మడి పల్లెలు కట్టుకుని అలాగే బతికారట.

"వీడు రూల్స్ తప్పడు. పూచీ నాది" అని లీడర్ లియాకు మాటిచ్చాడు ఆరన్.

చిప్స్ వేశాను... చాక్లెట్లు వేశాను... సున్నుండల డబ్బా మాత్రం స్లీపింగ్ బ్యాగ్ అడుగున దాచాను. "అన్నీ నువ్వే తినరా, బక్కచిక్కిపోయావ్" అంది కదా అమ్మ. మాతృవాక్య పరిపాలన!

మూడో రోజు ఉద్యమ చరిత్ర మీద నాటకం. చివరి రొట్టెను కూడా పంచేసిన తొలితరం రైతు వేషం... ఇంకెవరికి పడుతుంది, నాకే! ధైర్యం కోసం రెండు సున్నుండలు మింగి స్టేజీ ఎక్కాను.

"నాదంటూ ఏమీ లేదు! ఉన్నదంతా మనదే!" గుండె మీద చెయ్యేసుకుని గర్జించాను.

"రైతుగారూ, మూతికి ఆ పిండేమిటి?" అంది ముందు వరసలోంచి లియా.

హాలంతా నవ్వు. ఆరన్ ఒక్కడే నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను ప్రామిస్ చేశాను కదరా..." అన్నాడు మెల్లగా.

చరిత్ర అక్కడితో ఆగింది. పరుగెత్తి డబ్బా తెచ్చి వాడి చేతుల్లో పెట్టాను. ముప్ఫైమందికి మిగిలినవి మూడే ఉండలు... వాడే కూర్చుని ముక్కలు చేశాడు. నా వంతు బఠాణీ గింజంత!

"నేనైనా దాచేదాన్నే!" అంది లియా వేళ్ళు నాక్కుంటూ.

ఆరన్ తన ముక్క నోట్లో వేసుకుని ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టాడు. "వచ్చే ఏడు నీకు పూచీ ఇవ్వను. ఇంకో డబ్బా తెస్తే ఆలోచిస్తా!"

ఇప్పుడు ఆఫీసు ఫ్రిజ్‌లో పెరుగు కప్పు మీద కూడా పేరు రాసి పెడుతున్నాం... బఠాణీ గింజంత ముక్కకు అంత సంబరపడే జనం ఎటు పోయారో...

మీరు దాచిందేమిటో, పట్టుకున్నదెవరో కింద ఒప్పేసుకోండి... దొంగను నేనొక్కణ్ణే కాదని తేలాలి!