మంత్రగత్తెకు పెట్టిన ముఖం

ఫోన్‌లో మంత్రగత్తె ముఖానికి రాయి తగలగానే పది పాయింట్లు పెరిగాయి. ఆ ముఖం నాంచారమ్మగారిది. కూతురి ఫోన్ పట్టుకుని కంకిపాడులోని మా ఇంటికి వచ్చి, ఆ ఆటను ఆవిడే నాకు చూపించారు.

పత్రికలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, విజయవాడలోని ఒక వీడియోగేమ్ కంపెనీలో సలహాదారుగా చేరాను. ఏ దేశంవారినైనా నొప్పించే బొమ్మ ఆటలో లేకుండా చూడటం నా పని. మంత్రగత్తెకు ఆఫ్రికా స్త్రీ ముఖం పెడితే వద్దన్నాను.

"మరెవరిది పెట్టమంటారు సార్?" అన్నారు కంపెనీవాళ్లు.

"మనవాళ్లదైతే ఎవరూ అడగరు" అన్నాను.

ఇంటింటికీ తిరిగి నేతచీరలు అమ్మే నాంచారమ్మగారి ఫొటో నేనే ఇచ్చాను. ఆవిడ ముఖం నిండా బొల్లి మచ్చలు. చీరల ప్రచారానికి పనికొస్తుందని ఆవిడ నాచేత తీయించుకున్న ఫొటో అది.

ఆట చూపించి ఆవిడ అన్నారు: "గుమ్మంలోకి వెళ్తే పిల్లలు రాళ్లు తీస్తున్నారండీ. ఇంక చీరలెవరు కొంటారు? ఇంతమంది ఉండగా నా ముఖమే ఎందుకిచ్చారు బాబుగారూ?"

అడుగుతూనే తన చెంప మీది మచ్చలు తడుముకున్నారు.

ముఖం మార్చమని కంపెనీకి రాశాను. "విదేశాల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు సార్. పైగా ఒప్పుకున్నది మీరే కదా" అని జవాబొచ్చింది. దూరాన ఉన్నవాళ్లే నొచ్చుకుంటారని వాళ్లకు నేర్పింది నేనే. ఆ ఆటలో ఇప్పటికీ అదే ముఖం ఉంది.