నాన్న ల్యాంపు నంబరు

మా నాన్నకు మతిమరుపు మొదలైందని నాకు తెలిసింది ఆయన కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికిన రోజున కాదు. అలాంటివి మా ఇంట్లో అందరం చేస్తాం. తన ల్యాంపు నంబరు మరిచిపోయిన రోజున తెలిసింది.

బొగ్గుబాయిలోకి దిగే మనిషి నెత్తిన పెట్టుకునే దీపానికి ఒక నంబరు ఉంటుంది. ముప్పై ఏళ్లు నాన్నది ఆరువందల పద్నాలుగే. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. రిటైరై ములకలపల్లి దగ్గర అడవి అంచున ఇల్లు కట్టుకున్న రెండేళ్లకు, డాక్టరు ముందు కూర్చుని "ఆరువందల..." అని ఆగి అమ్మ ముఖం చూశాడు. అమ్మ అందించింది.

"రోజూ గంటసేపు నడువు పెద్దాయనా. నడిస్తే మెదడుకు గూడ రక్తం మంచిగ పోతది. పోయింది తిరిగొస్తదని చెప్ప, ఉన్నది నిలవాలంటే నడువాలె" అన్నాడు డాక్టరు.

"ముప్పై ఏండ్లు భూమి కింద నడిచిన. ఇగ పైన కూసోనియ్యున్రి. పనిలేక రోడ్డు మీద తిరుగుటానికి నేనేమన్న ఊరకుక్కనా?" అన్నాడు నాన్న.

నేను అప్పట్లో ఏన్కూరులో టీచరుని. సెలవు రోజుల్లో వచ్చి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. లాభం లేక అలిగి పది రోజులు మాట్లాడడం మానేశాను. ఆయనకది హాయిగా ఉన్నట్టుంది, బరువు కూడా పెరిగాడు.

అమ్మ పోరలేదు. తాను మరిచిపోవడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఉప్పు లేదు" అనేది పొద్దున్నే. కిరాణా దుకాణం బస్టాపు దగ్గర, పోనురాను ఇరవై నిమిషాలు. ఆయన ఉప్పుతో గుమ్మం ఎక్కగానే, "అయ్యో, ఆవాలు చెప్పుడు మరిచిన!" ఆవాలు వస్తే అగ్గిపెట్టె. తిట్టుకుంటూనే వెళ్లేవాడు, పని ఉంది కాబట్టి. ఒక ఆదివారం మంచం కింద చూస్తే పదకొండు ఉప్పు ప్యాకెట్లు, ఊరంతటికీ సరిపోయే అగ్గిపెట్టెలు.

"ఇల్లు తగలబెడ్తవా ఏంది?" అన్నాను.

"నోరు మూస్కో, ఇంటడు" అంది అమ్మ.

నాలుగు నెలలు గడిచేసరికి నాన్న దుకాణం నుంచి సరుకుతోపాటు కబుర్లు కూడా తెస్తున్నాడు. ఏ బస్సు ఎంత ఆలస్యమైందో, ఎవరి కోడలు దిగిందో, అన్నీ వరసగా. నేను సంబరపడుతుంటే ఒకరోజు నన్ను చాటుకు పిలిచాడు. కళ్లలో నీళ్లున్నాయి.

"మీ అమ్మకు మతి పోతున్నది బిడ్డా. మొన్న ఉప్పు తెస్తే, నిన్న మల్ల ఉప్పే అడిగింది. జల్దీ డాక్టరుకు చూపెడుదాం."

నేను పరుగున వెళ్లి అమ్మకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి చీర మార్చుకుంది. "రానంటే నిజం చెప్పాలె. చెప్తే రేపటి సంది నడువడు" అంది.

డాక్టరు ముందు నాన్న అమ్మ మరపులన్నీ తారీఖులతో సహా అప్పజెప్పాడు. అమ్మ మింగలేక కక్కలేక కూర్చుంది.

"నా ల్యాంపు నంబరు దీన్ని అడుగున్రి సారూ. ముప్పై ఏండ్లు నా టిఫిను డబ్బా మీద ఆ నంబరు రాసింది ఇదే" అన్నాడు.

అమ్మ ఆయన్ని చూసింది. తర్వాత తల దించుకుంది.

"ఏమో సారూ. యాదికొస్తలేదు."

నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆరువందల పద్నాలుగు" అన్నాడు మెల్లగా, ఎక్కడా ఆగకుండా.

నేను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి ఏడ్చాను. డాక్టరుకు అర్థమైందో లేదో గాని, అమ్మకు కూడా రోజూ గంట నడకే రాశాడు. తాను తవ్విన గోతిలో తానే పడ్డట్టయింది. మోకాళ్ల నొప్పులతో పొద్దున్నే, "రావే జల్దీ" అని గేటు దగ్గర నిలబడ్డ నాన్న వెంట మూలుగుతూ నడిచేది.

మరుపు మనిషన్న పేరు ఊళ్లో అమ్మకే స్థిరపడిపోయింది. నాన్న ఉన్నన్నాళ్లూ ఆమె దాన్ని దిద్దుకోలేదు.