ఇద్రీస్, గ్యాంగు ఫైళ్ల తగువు

ఇద్రీస్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. 1988లో, ఓడల సరుకు దించే కంపెనీలో నేను టపా గుమాస్తాని. కంప్యూటరు గది నా బల్ల పక్కనే. ఆ వారం అతని మాట వినడానికి నేను చెవులు రిక్కించాల్సొచ్చింది.

పాతనగరంలో పుస్తకాలు బైండు చేసే గులాం మొహమ్మద్ గారి అబ్బాయి అతను; మా కంప్యూటరు చూసుకునేది అతనే. కంపెనీ కొన్న ప్రోగ్రాం ఒకటి రోజూ పొద్దున్నే, కూలీల హాజరు వేయడానికి గ్యాంగుకొక ఫైలు చొప్పున తనంతట తానే కొత్తగా రాసేది. ఆ ఫైళ్లలో వేరియబుళ్లుంటాయి, అంటే పేరు తగిలించిన గిన్నెలు. ఏ గిన్నైనా అన్ని ఫైళ్లకీ అందాలని ఆఫీసరు త్రినాథరావుగారు మొదట్లోనే పెట్టించారు.

దాంతో రెండో గ్యాంగు ఫైలు తన ఆఖరి మనిషి వరహాలుకి ‘హాజరు’ వేసేది. తర్వాత నాలుగో గ్యాంగు ఫైలు, జ్వరంతో పడుకున్న సన్యాసిరాజు ‘గైర్హాజరు’ తెచ్చి అదే పేరున్న గిన్నెలో వేసేది. అచ్చయ్యే వేళకి ఇద్దరూ గైర్హాజరే. ఎలమంచిలి నుంచి రైల్లో వచ్చి, ఓడ సరుకెత్తే వించి యంత్రం నడిపే వరహాలుకి అలా ఏడు రోజులు గైర్హాజరు పడి, పనిలోంచి తీసేస్తామని కాగితం వచ్చింది.

ఇద్రీస్ రెండో గ్యాంగు ఫైలుని చేత్తో దిద్ది, ఇంక భయం లేదన్నాడు. ఎనిమిదో రోజూ గైర్హాజరే.

వరహాలు తలుపు తోసుకొచ్చాడు. “ఏటిది బావా! భయం నేదన్నావ్. నిన్న నాను వించి దిగనేదు. నాను రానేదని నీ డబ్బా సూసిందేటి?”

ఇద్రీస్ మొహం మాడిపోయింది. “తప్పు నాదే బావా. మిసను పొద్దున్నే ఫైలు మళ్లీ రాసేత్తాది. నా దిద్దుబాటు కొట్టుకుపోయింది.”

అంత కోపంలోనూ, తెల్లారకముందే రైలెక్కిన మనిషని తన టిఫిను డబ్బా అతని చేతిలో పెట్టి, ఆఫీసరు గదిలోకి నడిచాడు. వరహాలు వెనకే వెళ్లాడు.

“ఏ ఫైలు గిన్నె ఆ ఫైలుకే ఉండాలి సార్. తారీకొక్కటీ అందరికీ కనబడితే చాలు.”

“రోజూ ఆ ఒక్క ఫైలూ దిద్దుకోవయ్యా. అన్నీ అందుబాటులో ఉంటే పని సుళువు. ఎవడికో తేడా వచ్చిందని మొత్తం కదుపుతామా?”

“ఎవడో కాదు సార్. ఇదిగో, నిలబడ్డాడు.”

“కంప్యూటరు అబద్ధమాడదు!”

“మా వాటాల్లో నాలుగు కుటుంబాలు సార్. నుయ్యి అందరిదీ. అలాగని మా కూరలో పక్కింటావిడ ఉప్పేస్తే ఊరుకుంటామా?”

త్రినాథరావుగారు బల్ల గుద్దారు. “నాకు వంటలు చెప్పకు!”

ఇద్రీస్ తిరిగొచ్చి, నాలుగో గ్యాంగు ముందు, రెండోది తర్వాత నడిపించి అచ్చు తీశాడు. ఈసారి ఇద్దరూ హాజరు! ఆ కాగితం తీసుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టాడు.

“తగరపువలసలో మూలుగుతన్న సన్యాసిరాజు నిన్న రేవులో పనిచేశాడంట, సూడండి.”

“మంచం మీంచే వించి తిప్పేసినాడేటి? మొనగాడే!” అన్నాడు వరహాలు.

త్రినాథరావుగారు వరహాలుకొచ్చిన తీసివేత కాగితం లాక్కుని ‘రద్దు’ అని రాసి, సంతకం గీకి విసిరి, ఇద్రీస్ వైపు తిరిగారు. “మార్చుకో. తేడా వస్తే నీ ఉద్యోగం పోతుంది.”

“అదీ కాగితం మీదే రాసియ్యండి సార్.”

ఆయన రాయలేదు. ఇద్రీస్ ఈసారి ఫైలుని కాక, ఆ ఫైళ్లు రాసే ప్రోగ్రాంనే మార్చేశాడు.

వరహాలు కాగితం మడిచాడు. “పనికొచ్చినోడు వచ్చానని మీకాడ ఒప్పించుకోవాలేటి?” అన్నాడు.

నెల్లాళ్లపాటు అతను షిఫ్టుకి ముందొచ్చి, “నిన్న నానున్నానేటి?” అని ఉక్రోషంగా అడిగేవాడు. ఇద్రీస్ ఒక్కనాడూ విసుక్కోలేదు. కాగితం తీసి, ఆ పేరు మీద వేలు పెట్టి చూపించేవాడు.