రెండు చుక్కల నవల

ఈ మధ్య ఏ పుస్తకం పట్టుకున్నా సగంలోనే ఆగిపోతున్నాను. చదివే అలవాటే పోయిందేమోనని అనుమానం. అందుకే ఈ రోజు మలికిపురంలో అద్దె పుస్తకాల షాపుకి వెళ్ళి, ఒక పాత నవల తీశాను. అక్కడే ఉన్న మా వీధి సత్యవతిగారు దాన్ని అందుకుని, నేరుగా యాభయ్యో పేజీ తిప్పి చూశారు. అంచున రెండు కుంకుమ చుక్కలున్నాయి. చదివేసిన పుస్తకం మళ్ళీ తీసుకెళ్ళకుండా ఆవిడ పెట్టుకునే గుర్తట అది.

"ఆయ్, ఇది చదివేసేనండి. చాలా బాగుంటాదండి."

"కథేమిటండీ?" అన్నాను.

"గుర్తులేదండి. గుర్తుంటే బొట్టెందుకండీ?"

"మరి రెండున్నాయే?"

"ఓసారి చూసుకోకుండా మళ్ళీ పట్టుకెళ్ళిపోయేనండి. చదువుతూ చదువుతూ ఈ చుక్క దగ్గరికొచ్చేను. అప్పటికింక ఆపబుద్ధి కాలేదండి. పూర్తిచేసేసి, పక్కనే ఇంకోటి పెట్టేను."

సమీక్షలు చూసి పుస్తకాలు ఎంచుకునేదాన్ని. ఇంత గట్టి సిఫార్సు ఎక్కడా చదివిన గుర్తు లేదు. ప్రస్తుతం నలభయ్యో పేజీలో ఉన్నాను. ఆ చుక్కలు దాటితే గట్టెక్కినట్టే.

మీరేం చదువుతున్నారు? కథ గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఎన్ని చుక్కలు పెడతారో చెప్పండి చాలు.