ఇటలీ ఆవిడ చచ్చిపోయిన సాయంత్రం

నిన్న నేను స్టేజీ ఎక్కానర్రా. అవును, నేనే! ముందు టీ పొయ్యండి, చెప్తాను.

మా మేడమ్ కూతురు ఒపేరా నేర్చుకుంటోంది కదా. మాటల్లేకుండా పాటలతోనే నడిచే నాటకం. ఆ పిల్ల టీచరు ఇటలీ ఆవిడ. నిన్న సాయంత్రం లుసైల్‌లో ఒక పెద్ద హాల్లో ఆవిడ ప్రోగ్రాం. హోటల్నుంచి తీసుకెళ్ళే డ్యూటీ నాది. పొద్దున్న నాలుగింటినుంచి స్టీరింగు ముందే ఉన్నాను. కళ్ళు మండిపోతున్నాయి.

ట్రాఫిక్‌లో ఆవిడ కబుర్లు మొదలెట్టింది. "ఒకప్పుడు మా దేశంలో గాయకులదే రాజ్యం. సంగీతం కట్టినాయన రాసేదొకటి, వీళ్ళు పాడేదొకటి. తర్వాత సంగీతం కట్టినవాళ్ళు మాత్రం, నేను రాసిందే పాడు, ఒక్క మెలిక ఎక్కువ తిప్పినా ఊరుకోనన్నారు!"

"మా ఊరి పద్యనాటకాల్లోనూ అంతే మేడమ్," అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో. "హార్మోనియం ఆయన చేతులు పడిపోతున్నా మావాళ్ళు రాగం ఆపరు."

పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, కళ్ళు తిరుగుతున్నాయి," అంది. హాలు దగ్గర దిగాక, అక్కడున్న మా మేడమ్‌తో చెప్పి నన్ను కూడా లోపల కూర్చోబెట్టించింది. ముందు వరస. మెత్తటి సీటు, చల్లటి ఏసీ. ఇంకేముంది!

మెలకువొచ్చేసరికి ఆవిడ స్టేజీ మీద పడుంది! పక్కన ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్నాడు. హాలంతా జనం, ఒక్కడూ కదలడే!

"డాక్టర్! యల్లా, యల్లా! తొందరగా రండి!" అని అరుస్తూ స్టేజీ ఎక్కేసి, బాటిల్లో నీళ్ళన్నీ ఆవిడ మొహాన కొట్టాను.

శవం ఒక కన్ను తెరిచింది. "చావడానికి ముందు ఇంకో పాట ఉంది. దిగు!" అంది, పళ్ళు బిగబట్టి.

హాలంతా ఒకటే నవ్వు. నేను కారు దగ్గరికి పరిగెత్తి, ఉద్యోగం పీకి మన దేశానికి పంపేస్తే మా ఆవిడకేం చెప్పాలా అని చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

చివరికి ప్రోగ్రాం అయ్యాక ఆవిడా, మా మేడమూ ఇద్దరూ వచ్చారు. ఇటలీ ఆవిడ బుగ్గలనిండా కాటుక చారలు. "ఇరవయ్యేళ్ళుగా స్టేజీ మీద చస్తున్నాను. బతికించడానికొచ్చింది నువ్వొక్కడివే!" అని నా భుజం తట్టింది.

మా మేడమ్ నవ్వలేదు. "ఇంకా మూడు ప్రోగ్రాములున్నాయి. అన్నిట్లోనూ ఈవిడ చస్తుంది. నువ్వు లోపలికి రాకు. కార్లోనే పడుకో."

విన్నారా? డ్యూటీలో నిద్రపొమ్మని ఆర్డరు! అదేం ఖర్మో, అప్పట్నుంచి నాకు కన్ను మూతపడితే ఒట్టు.