ఉలవల బక్కెట్టు

పక్కింటివాళ్లు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే మందు పోస్తుంటే, ఆ ఘాటు వాసనకు నా చిన్నప్పుడు హిందూపురంలో మా నాయన తోలిన జట్కా గుర్రం గుర్తొచ్చింది.

అప్పుడది చూలుతో ఉంది. లద్దిలో పురుగులు పడుతున్నాయి. గొర్రెలు కాసే మామ ఒకాయన తన దగ్గర మిగిలిన మందు బుడ్డి తెచ్చిచ్చాడు.

"గొర్రెల మందు దీనికెట్ల పోసేది మామా? కడుపుతో ఉండాది. డాక్టర్ని అడిగొస్తా," అని నాయన బుడ్డిని గూట్లో పెట్టి పశువుల ఆసుపత్రికి పోయాడు.

మందు ఇంట్లో పెట్టుకుని కూడా పోయలేదని నాకు కోపం వచ్చింది. బుడ్డంతా నానబెట్టిన ఉలవల్లో కలిపి, బక్కెట్టు గుర్రం ముందు పెట్టాను.

నాయన తిరిగొచ్చి అవ్వతో అన్నాడు: "ఆ మందు పోసింటే కడుపు పోయినా పోతాదంటమ్మా. చూలు గుర్రానికి వేరే మందు ఉండాదంట, రేపొచ్చి చూసి ఇస్తాడంట."

నేను నాయన చెయ్యి పట్టుకుని లాగాను. "నాయనా, నేను ఉలవల్లో కలిపినా!"

నాయన పరుగెత్తాడు. బక్కెట్టు నిండుగానే ఉంది. ఆ వాసనకు గుర్రం మూతి పక్కకు తిప్పుకుని నిలబడి ఉంది.

"నీకన్నా దానికే బుద్ధి ఉండాది కదే," అని అవ్వ నవ్వింది. నాయన ఆ ఉలవలు గుంత తీసి పూడ్చాడు. నన్ను ఒక్క దెబ్బ కూడా వేయలేదు. గుర్రం మెడకు తల ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

పిల్ల బాగానే పుట్టింది.

నాకు చదువు రాదు. నా పిల్లలకు మందు పోసే ముందు ఎవరిచేతనైనా బుడ్డి మీది చీటీ చదివించుకుని, మళ్లీ మూత తీసి వాసన చూసేదాన్ని. మా ఆయన, ఉన్నన్నాళ్లూ, దానికి నవ్వేవాడు.