నిలబడ్డ బండికి మైలేజీ ఎంత

రాజలింగు మోటారు సైకిలును స్టార్టు చేసేవాడు అంటే తప్పవుతుంది. స్టార్టు చేయడం లోకమంతా చేస్తుంది. రాజలింగు దానికి సుప్రభాత సేవ చేసేవాడు. కొత్తవాడ గల్లీలో ఎండ ఇంకా గోడలు దిగకముందే తలుపు తీసి, గడప మీద పలక వేసి, బండిని పెళ్లికూతుర్ని దించినట్టు మెల్లగా కిందికి దించేవాడు. పెట్రోలు కాక్ తిప్పేవాడు. చోక్ మూసేవాడు. ఉత్తుత్తి కిక్కులు రెండు కొట్టి, మూడోది మనసు పెట్టి కొట్టేవాడు. బండి దగ్గి, తుమ్మి, గొంతు సవరించుకుని, చివరికి ఒప్పుకునేది.

ఒప్పుకోగానే ఎక్కి పోతాడనుకునేవాళ్లు రాజలింగును ఎరగనివాళ్లు. ఇంజను వేడెక్కకుండా బండి కదిలించడమంటే, నిద్రలో ఉన్న ముసలాయన్ని లేపి పరుగు పందెంలో నిలబెట్టడమేనని అతని సిద్ధాంతం. అందుకని బండి తన పాటికి తాను కొట్టుకుంటూ ఉంటే, అతను పక్కన చేతులు కట్టుకుని, ఆపరేషన్ గది బయట నిలబడ్డ బంధువులా గంభీరంగా నిలబడేవాడు. ఆలోగా గల్లీ అంతా పొగ. అది బండి తప్పు కాదు. రెండు స్ట్రోకుల బండికి పెట్రోలులో కాస్త ఆయిలు కలపమన్నారు కదా అని, ముద్దులమనవడికి నెయ్యి పోసినట్టు పోసేవాడు. ఆ నెయ్యే పొగై లేచేది.

రాజలింగు పశువుల దవాఖానలో కాంపౌండరు. ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్లు అతని ఇలాకా. సొంతూరు పరకాల దిక్కు. అక్కడ అన్న వ్యవసాయం చేస్తాడు, పండుగకు కబురు పంపుతాడు, ఇతను పోతే సంతోషిస్తాడు, పోకపోతే బాధపడడు. పెళ్లి ఎందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కారణమేదీ లేదు. సంబంధాలు వచ్చాయి, ఆలోచిద్దామన్నాడు, ఆలోచిస్తుండగా అవి రావడం మానేశాయి. నలభై దాటాక జనం అడగడమూ మానేశారు. పగలంతా అతను మాట్లాడేది ఎద్దులతో, బర్రెలతో, మేకలతో. అవి వినడంలో ఘనులే కాని, ఎదురు మాట్లాడే అలవాటు లేనివి.

ఈ ప్రపంచంలో అతనికి గర్వకారణం ఒక్కటే, మైలేజీ. ఈ రాజ్‌దూత్ బండి కొన్న డెబ్బై ఎనిమిదో సంవత్సరం నుంచి అతను ఎక్సిలరేటరును కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడే తప్ప మెలిపెట్టి ఎరగడు. బ్రేకు వేయడమంటే కాల్చిన పెట్రోలును నేల మీద ఒలకబోయడమే కాబట్టి, దూరాన బర్రె కనబడగానే అది రోడ్డు దాటే ముహూర్తం అంచనా కట్టి వేగం తగ్గించుకునేవాడు. పల్లం కనబడితే ఇంజను ఆపేసి, గాలి చప్పుడు వింటూ జారేవాడు. వెనక సీటు మీద మనిషిని ఎక్కించుకుంటే బరువు, బరువైతే మైలేజీ తగ్గుదల. కనుక ఎవరినీ ఎక్కించుకునేవాడు కాదు. కాజీపేట దాటాక నడిచిపోయే పంతుళ్లు, గ్రామసేవకులు మొదట్లో చెయ్యెత్తేవాళ్లు. "వెనక టైరుల గాలి తక్కువున్నది సార్" అనేవాడు. ఆ గాలి మూడేళ్లు తక్కువగానే ఉండేసరికి చెయ్యెత్తడం మానేశారు. సీటు ముందు సగం అరిగి నున్నబడింది. వెనక సగం మాత్రం షాపులో ఉన్నప్పటి మెరుపుతో అలాగే ఉంది. రాజలింగు దాన్ని రోజూ తుడిచేవాడు.

ఎదురింట్లో సమ్మమ్మ ఉంది. సారయ్య భార్య. ఇద్దరూ మగ్గం మీద తువ్వాళ్లు, దుప్పట్లు నేస్తారు. నేతకు ముందు పడుగును, అంటే నిలువు దారాలను, గల్లీ పొడుగునా లాగి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దానికి పొద్దున చల్లటి వేళే మంచిది. రాజలింగు సుప్రభాత సేవకూ ఆ వేళే మంచిది. తెల్లటి నూలు ఒక దిక్కు, నల్లటి పొగ ఒక దిక్కు. ఆ గల్లీకి అంతకు మించిన కురుక్షేత్రం అక్కరలేదు.

"ఓరి కాంపౌండరూ! బర్రెలకు సూదులేసి బతికేటోనివి, మా నూలుకు మసి సూదులేస్తాన్నవేందిరా?"

"అయిపోయింది అక్కా, జర వేడెక్కనియ్యి."

"ఏం వేడెక్కుడురా అది? నీ బండి వేడెక్కేటాళ్లకు నా పోరగాళ్లు పెద్దగై పెండ్లిళ్లు జేసుకున్నరు. ఇగ నువ్వు గట్లనే నిలబడు, నీ పెండ్లి గూడ నీ బండే జేస్తది!"

"నువ్వు పొయ్యి మీద అన్నం పెట్టినంక పొయ్యి వేడెక్కనియ్యవా అక్కా?"

"వేడెక్కనిస్త. నీ లెక్క గల్లీల వెట్టి మంది మొఖం మీద ఊదను!"

సారయ్య కుంచె ఆపకుండానే అందుకునేవాడు. "బామ్మర్దీ, మీ అక్క తిట్టు పడకుంటే నీ బండి కదలదా ఏంది?"

నవ్వులాటకన్న మాట. సారయ్యకూ తెలియదు, రాజలింగుకూ తెలియదు, అది నిజమని. సమ్మమ్మ తిట్టు ఒకరోజు తిట్టింది మరోరోజు తిట్టదు. ఆ విద్యలో ఆమెకు పునరుక్తి దోషం లేదు. రాజలింగు ఆ తిట్టును జేబులో వేసుకుని బయలుదేరి, దానికి తాను ఇవ్వాల్సిన జవాబులు దారి పొడుగునా తయారుచేసుకునేవాడు. మామూలు తిట్టయితే హనుమకొండ చౌరస్తా దాకా వచ్చేది. మంచి తిట్టయితే కాజీపేట దాటేది. ఒకసారి వానాకాలంలో, పడుగు మీద పొగతోపాటు బురద కూడా చిందినప్పుడు పడ్డ తిట్టు ధర్మసాగర్ చెరువు కట్ట దాకా ఒక్క పట్టున వచ్చింది. ఆ రోజు అతను ఒంటరిగా నవ్వుకుంటూ పోవడం చూసి, దారిలో మేకలవాడు పక్కకు తప్పుకున్నాడు.

ఇలా నడుస్తున్న కథలోకి డాక్టరు రాజేశ్వర్ రావు వచ్చాడు. పశువుల డాక్టరు, రాజలింగుకు పైఅధికారి. ఆయనదీ అదే రకం బండి. దవాఖాన వసారాలో చాయ్ తాగుతూ ఒక పూట ఆయన తన బండి మైలేజీ చెప్పాడు. అది రాజలింగు మైలేజీ కంటే మూడు కిలోమీటర్లు ఎక్కువ.

రాజలింగు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "వెనక ఎవర్నన్న ఎక్కించుకుంటరా సార్?"

"మా ఆవిడను ఎక్కించుకుంట. అప్పుడప్పుడు ఆమె చెల్లెను గూడ. ఏం?"

భార్యను, మరదలిని మోస్తూ మూడు కిలోమీటర్లు ఎక్కువ! అవమానానికి కూడా ఒక హద్దుండాలి.

"నువ్వు పొద్దున ఎంతసేపు నిలబెడ్తవు బండిని?" అన్నాడు డాక్టరు. రాజలింగు చెప్పాడు. డాక్టరు నవ్వాడు. "రాజలింగూ, నిలబడ్డ బండికి మైలేజీ ఎంత? సున్న. నువ్వు రోడ్డు మీద చెంచతోటి దాస్తాన్నవు, ఇంటి ముందట బకెట్‌తోటి పారబోస్తాన్నవు. ఆ ఆయిలు గూడ తగ్గియ్యి. నెత్తికి పెట్టుకునేది కాదది."

లెక్క స్పష్టంగా ఉంది. లెక్కకు ఎదురు చెప్పడం రాజలింగు వల్ల కాదు. మర్నాటి నుంచి సుప్రభాత సేవ రద్దయింది. ఆయిలు కొలతకు వచ్చింది. బండిని గల్లీ చివర పల్లం దాకా చప్పుడు లేకుండా తోసుకుపోయి, అక్కడ జారుడు మీద గేరు వేసి అందుకునేవాడు. మొదటి నాలుగు ఫర్లాంగులు బండి జలుబు చేసినట్టు నడిచినా, ఆ తర్వాత సర్దుకునేది. నెల తిరగకుండా మైలేజీ పెరిగింది. డాక్టరు బండి మైలేజీని కూడా దాటింది.

విజయం సిద్ధించాక దాన్ని ఎవరికైనా చెప్పాలి. డాక్టరుకు చెప్పాడు. "అట్లనా, మంచిది," అని ఆయన ఒక ఎద్దు నోరు తెరిచి చూడడంలో పడ్డాడు. ఇక చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

కాని అసలు బాధ అది కాదు. మొదటి రోజు తోసుకుపోతున్నప్పుడు సమ్మమ్మ తలెత్తి చూసి ఏమీ అనలేదు. ఆశ్చర్యం కావచ్చుననుకున్నాడు. రెండో రోజూ అనలేదు. ఒంట్లో బాగాలేదేమోనని సందేహించాడు. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఉంటే, ఎదుటి నుంచి ఆమె గొంతు ఖంగున వినిపించింది. పాలవాణ్ణి తిడుతోంది. "పాలల్ల నీళ్లు గలుపుతాన్నవా, నీళ్లల్ల పాలు గలుపుతాన్నవా, నిజం జెప్పు!" బ్రహ్మాండమైన తిట్టు. కాజీపేట ఖాయంగా దాటేది. అది పాలవాడి పాలైంది. రాజలింగు దీపం పెట్టుకోకుండా ఆ గొంతు ఆగేదాకా అలాగే కూర్చున్నాడు. పాలలో నీళ్లు కలిపేవాడి మీద ఎవరికైనా కోపం రావాలి గాని ఈర్ష్య రాకూడదు. అతనికి ఈర్ష్యే వచ్చింది.

ఇక ఇంటి నుంచి దవాఖాన దాకా దారి నోరు లేనిదైంది. జేబులో తిట్టు లేదు, ఇవ్వాల్సిన జవాబు లేదు. పల్లం దగ్గర ఇంజను ఆపితే ఇదివరకు గాలి చప్పుడు హాయిగా ఉండేది. ఇప్పుడు అది ఖాళీ ఇంట్లో తలుపు కొట్టుకుంటున్నట్టు ఉంది. తెల్లవారి లేచిన దగ్గర్నుంచి మొదటి మనిషి మాట చెవిన పడేసరికి ఎండ ముదిరేది. ఆ మాట కూడా "మా బర్రె మేత ముడ్తలేదు" అనేదే.

కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. తర్వాత ఒక తెల్లవారి, మైలేజీకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, పలక వేసి బండిని దించి, గడప ముందే కిక్కు కొట్టాడు. ముందు రోజు పెట్రోలులో ఆయిలు కూడా పాత ప్రేమతోనే పోశాడు. పొగ దివ్యంగా లేచింది. ఎదుట తెల్లటి పడుగు సాగి ఉంది. రాజలింగు చేతులు కట్టుకుని, ఎదురుచూస్తున్నట్టు కనబడకుండా ఎదురుచూశాడు.

సమ్మమ్మ కుంచె కింద పెట్టింది. లోపలికి పోయింది. చీపురో రోకలో తెస్తుందనుకున్నాడు. పాత దుప్పటి తెచ్చి, పొగ తగిలే దిక్కు పడుగు మీద మెల్లగా కప్పింది.

"అక్కా, పొగ వస్తాందా?" అన్నాడు, గొంతు పెంచి.

"ఏం గాదు, కానియ్యుండ్రి," అంది సమ్మమ్మ. "ఇన్నొద్దులు మా నూలు కరాబ్ గావద్దని బండిని నూక్కుంట వోయిన్రు. వాడకట్టంత మీ గురించే చెప్పుకుంటాన్రు. ఇయ్యాల బండికి ఏమన్న అయ్యుంటది. మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

మీరు! ఎనిమిదేళ్ల 'ఓరి' పోయి 'మీరు' వచ్చింది. మనిషికి మంచి పేరు ఎక్కడి నుంచి ఎలా వచ్చి మీద పడుతుందో చెప్పలేం. మైలేజీ కోసం చేసిన పని గల్లీలో పరోపకారమైంది. ఇప్పుడు పొగ పెట్టినా అది అతని పొగరు కాదు, బండికి వచ్చిన కష్టం. మర్నాడు అతను ఎక్సిలరేటరు కూడా తిప్పి చూశాడు. పుట్టి బుద్ధెరిగి చేయని పాపం. గల్లీ అంతా మబ్బు కమ్మింది. సమ్మమ్మ రెండో దుప్పటి తెచ్చింది.

మూడో రోజు పడుగు లాగడానికి సారయ్య రాలేదు. అతనికి నడుం పట్టింది. లోపల నులక మంచం మీద నుంచి అతని మూలుగు వినబడుతోంది. సమ్మమ్మ ఒక్కతే ఈ కొస కొయ్యకు కట్టి, ఆ కొసకు ఉరికి, అది బిగించేలోగా ఇటు వదులై, మళ్లీ ఇటు ఉరుకుతోంది. తడి పడుగు మధ్యలో నేలకు జారేలా ఉంది. రాజలింగును ఆమె పిలవలేదు. 'ఓరి' అనే మనిషినైతే పిలవవచ్చు. గౌరవనీయులను పడుగు పట్టుకొమ్మని ఎలా పిలుస్తారు?

రాజలింగు కాసేపు చూశాడు. ఇంజను అప్పుడే వేడెక్కి, చప్పుడు నున్నగా తిరిగింది. ఏ బండివాడైనా కోరుకునే చప్పుడు అది. తాళం చెవి తిప్పి ఆపేశాడు. గల్లీ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నడిచిపోయి, ఏమీ అడగకుండా ఆ కొస పట్టుకున్నాడు.

"అయ్యో, మీరెందుకు..." అని సమ్మమ్మ మొదలుపెట్టింది. అటుపోయి బిగించింది. కుంచె తీసుకుని రెండు దువ్వులు దువ్వింది. దారాలు రాజలింగు దిక్కు వదులై ఊగాయి. అతను సర్దబోయి ఇంకా వదులు చేశాడు. దానికి తోడు అతని వేళ్లకున్న ఇంజను మసి తెల్లటి నూలు మీద అచ్చుపడింది. నాలుగు వేళ్లు, విడివిడిగా, సంతకంలా.

సమ్మమ్మ అది చూసింది.

"ఓరి నీ చేతులిరగ! పడుగు వట్టుకొమ్మంటే బర్రె తోక వట్టుకున్నట్టు వట్టుకుంటవేందిరా? గుంజు! ఇంక గుంజు! గా మసి చేతులు కడుక్కోని రాకుండ ఎవడు రమ్మన్నడురా నిన్ను? దూరం నుంచి పొగ వెడ్తె సాల్తలేదని దగ్గరకొచ్చి ముద్రలేస్తాన్నవా? మున్సిపాలిటోనివా నువ్వు?"

"గుంజుతాన్న అక్కా."

"గుంజుతాన్న కాదు, గుంజు!"

లోపల మంచం మీది మూలుగు ఆగి, "బామ్మర్ది వచ్చిండా ఏంది?" అన్న మాట వినబడింది.

పడుగు ఆరేదాకా రాజలింగు ఆ కొస వదల్లేదు. తిరిగి వచ్చేసరికి ఇంజను చల్లబడి ఉంది. మళ్లీ వేడిచేయడానికి వేళ లేదు. తోసుకుంటూ పల్లానికి పోయాడు. సారయ్య మగ్గం ఆగింది కనుక రేపు పడుగు ఉండదు, ఎల్లుండీ ఉండదు. సారయ్య నడుం నాలుగు రోజుల్లో లేస్తుంది. ఇవన్నీ అతనికి తెలుసు. అయినా మున్సిపాలిటీ మాట కాజీపేట దాటింది, కట్ట దాటింది, దవాఖాన దాకా చెక్కుచెదరకుండా వచ్చింది.

డాక్టరు ఆ పూట రాలేదు. వసారాలో గాలికుంటు రోగంతో గిట్టలు పుండ్లుపడ్డ బర్రె ఒకటి కట్టేసి ఉంది. దాని మనిషి బీడీ కోసం బయటికి పోయాడు. రాజలింగు దాని కాలు ఎత్తిపట్టి పుండు కడుగుతూ, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాడు. నాలుగు వేళ్ల అచ్చు దగ్గర కాస్త కల్పించి కూడా చెప్పాడు.

బర్రె చెవి ఊపింది. అయిపోయాక, రాజలింగు రెండో కాలు ఎత్తి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.